మా అక్కను దేవతను చేయాలంటున్నారు

పేరు, ఊరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. ఆమెకు యాభై ఏళ్లు దాటాయి. ఆమె అక్క వైద్యురాలు. చదువు ముగిసిన కొత్తలోనే కుష్ఠు రోగుల ఆసుపత్రిలో చేరి, ఇంట్లో పెళ్లి ఊసెత్తనివ్వకుండా, మూడు దశాబ్దాలకు పైగా అక్కడే పనిచేశారు. వచ్చే సంవత్సరం ఆమె పదవీ విరమణ చేయబోతున్నారు. ఆ సందర్భంగా దాతలు, పాత రోగుల కుటుంబాలవారు కలిసి ఒక సన్మాన సంఘం ఏర్పాటు చేసుకున్నారు. ఆసుపత్రి ఆవరణలో విగ్రహం పెట్టాలనీ, ‘నడిచే దేవత’ అనే పేరుతో ప్రత్యేక సంచిక తేవాలనీ, అందులో తోబుట్టువుగా ఈ పాఠకురాలు ఒక అధ్యాయం రాయాలనీ వారి కోరిక. అక్క మాత్రం విగ్రహం వద్దని గట్టిగానే చెప్పారు. “ఆవిడ వినయం కొద్దీ అలాగే అంటారు, మీరే ఒప్పించాలి” అని సంఘం పెద్దలు చెల్లెలి మీద భారం వేశారు.

ఇంట్లో మరొక చిక్కు. పాఠకురాలి కూతురు, పదిహేడేళ్ల అమ్మాయి, ఒక సినిమా నటుడికి వీరాభిమాని. గోడనిండా అతని బొమ్మలు, చేతిలో ఎప్పుడూ అతని కబుర్లు. ఒకరోజు ఓపిక నశించి ఆ తల్లి, “ముఖానికి రంగు వేసుకుని నటించేవాడికి ఈ హారతులేమిటి, ప్రాణాలు పోసిన మీ పెద్దమ్మ పేరు ఎప్పుడైనా తలుచుకున్నావా?” అని కేకలు వేశారు. దానికి ఆ పిల్ల, “పెద్దమ్మ అంత దేవతైతే అమ్మమ్మ మంచాన పడినప్పుడు ఎందుకు రాలేదు? నాలుగేళ్లు ఎత్తి పోసింది నువ్వే కదా?” అని ఎదురు ప్రశ్న వేసింది. అప్పటి నుంచి తల్లీకూతుళ్ల మధ్య అవసరానికి మించి మాటలు లేవు. పాఠకురాలు అడిగిన ప్రశ్నలు ఇవి: వినోదం పంచేవారికి దక్కే గౌరవంలో పదో వంతైనా సేవ చేసేవారికి దక్కకపోవడం న్యాయమా? ఈ కాలంలో సెయింట్ అని పిలవదగినవారు మా అక్కలాంటివారు కారా? నేను ఆ అధ్యాయం రాయాలా? రాస్తే అమ్మ సంగతి అందులో ఉండాలా?

మీ ఉత్తరంలో పెద్ద ప్రశ్న ముందు, చిన్న ప్రశ్న వెనుక ఉన్నాయి. నిజానికి మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ వెనుక ఉన్నదేనని నాకు అనిపించింది. అయినా మీరు అడిగిన క్రమంలోనే వెళదాం, ఎందుకంటే మొదటిదానిలో ఉన్న కొంత పొరపాటు సర్దుకుంటే తప్ప రెండోది తేటపడదు.

సేవకులకూ ప్రసిద్ధులకూ దక్కే గౌరవాన్ని పక్కపక్కన పెట్టి చూసే అవకాశం లోకానికి 1997లో ఒక్కసారి చాలా స్పష్టంగా వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 31న బ్రిటన్ యువరాణి డయానా కారు ప్రమాదంలో మరణించారు. అయిదు రోజుల తరువాత, సెప్టెంబరు 5న, మదర్ థెరిసా కలకత్తాలో కన్నుమూశారు. రెండో మరణానికి గౌరవం లోటేమీ జరగలేదు, అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతోనే జరిగాయి. అయినా ప్రపంచపు కెమెరాలు ఆ వారమంతా ఎటు తిరిగి ఉన్నాయో ఆనాటి పత్రికలు చూసినవారందరికీ గుర్తుంటుంది. అప్పుడు కూడా చాలామంది మీరు అడిగిన ప్రశ్నే అడిగారు. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నలో సగం న్యాయమే ఉంది.

ఎందుకో చెబుతాను. అదే సంవత్సరం జనవరిలో డయానా అంగోలాలో మందుపాతరలు ఏరివేస్తున్న నేలలో, రక్షణ కవచం తొడుక్కుని నడిచారు. మందుపాతరల నిషేధం కోసం కొన్ని స్వచ్ఛంద సంస్థలు 1992 నుంచీ ఒక కూటమిగా పోరాడుతున్నాయి. జోడీ విలియమ్స్ దానికి సమన్వయకర్త. ఆ కూటమి ఐదేళ్లపాటు పత్రాలు రాసి, ప్రభుత్వాల గుమ్మాలు ఎక్కి దిగి సాధించిన పునాది మీదనే 1997 డిసెంబరులో ఒట్టావాలో నిషేధ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి కూటమికీ, విలియమ్స్‌కూ కలిపి ఇచ్చారు. ఒప్పందం డయానా వల్ల వచ్చిందనడం ఆ కార్యకర్తలకు అన్యాయం. కాని అంతవరకు ఆ సంగతి పట్టని కోట్లాదిమంది చేత ఒక్క నడకతో మందుపాతర అనే మాట పలికించింది ఆమేనన్నది కూడా నిజం. అంతకు పదేళ్ల ముందు, 1987లో, లండన్ ఆసుపత్రిలో ఎయిడ్స్ రోగితో చేతి తొడుగు లేకుండా కరచాలనం చేసిందీ ఆమే. ఎయిడ్స్ చేయి తగిలితే అంటుకోదని వైద్యులు అప్పటికే చెబుతున్నారు. ఆ మాట చెవికెక్కనివారికి ఆ ఫోటో ఎక్కింది. కుష్ఠు రోగుల మధ్య బతికిన మీ అక్కకు, స్పర్శకు ఉన్న విలువ ఎవరూ వివరించనక్కరలేదు.

ప్రసిద్ధి అనేది యోగ్యతకు కొలత కాదు, జనం చూపు ఎటు ఉందో తెలిపే గుర్తు మాత్రమే. దానిని ఎవరో దొంగిలించి నటుడికి ఇవ్వలేదు. మీ అమ్మాయి ఆ నటుడిని చూసి ఆనందిస్తోంది. ఆ ఆనందం మీ అక్క ఖాతాలోంచి తీసినది కాదు. ఇది ఒప్పుకుంటే మీ కోపంలో వృథాగా పోతున్న భాగం పోతుంది. న్యాయమైన భాగం మిగులుతుంది.

ఆ న్యాయమైన భాగం ఏమిటంటే, చూపు వెంట డబ్బు వెళుతుంది, పదవులు వెళతాయి, యువత వెళుతుంది. ఎవరూ చూడని పనికి ఇవేవీ చేరవు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరాలలో కలరా ప్రబలినప్పుడు, సిరలోకి ఎక్కించే సెలైన్ నిల్వలు సరిపోక, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. వంద మందిలో ముప్ఫై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. తరువాత ప్రపంచమంతటా కోట్లమంది పసిపిల్లల ప్రాణాలు నిలబెట్టిన ఓఆర్ఎస్ పద్ధతికి అది పెద్ద రుజువుగా నిలిచింది. ఆయన 2022 అక్టోబరులో మరణించారు. దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది 2023 జనవరిలో, అంటే పోయిన తరువాత. ఆలస్యమైన గౌరవం వల్ల ఆయనకు నష్టం లేకపోవచ్చు. కాని ఆ పేరు ముందే వినివుంటే ప్రజారోగ్యం వైపు వచ్చి ఉండే విద్యార్థులు ఎందరో మనకు లెక్క తెలియదు. గుర్తింపు కావలసింది సేవకుడి తృప్తి కోసం కాదు, పని ఆగిపోకుండా ఉండటం కోసం. మీ సన్మాన సంఘం తలపెట్టిన ప్రతి అంశాన్నీ ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. విగ్రహం వల్ల ఆ ఆసుపత్రికి మరొక వైద్యురాలు వస్తుందా?

ఇక సెయింట్ అనే మాట సంగతి. మనం నలుగురం ఒక సభలో కూర్చుని చప్పట్ల మధ్య ఇచ్చేసే ఈ బిరుదును, దానిని అధికారికంగా ఇచ్చే కాథలిక్ సంఘం ఎంత నెమ్మదిగా ఇస్తుందో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. మామూలు నియమం ప్రకారం మనిషి మరణించి అయిదేళ్లు గడిస్తే తప్ప విచారణే మొదలు పెట్టకూడదు. బతికి ఉన్నవారికి ఆ ప్రసక్తే లేదు. దైవసేవకులు, పూజ్యులు, ధన్యులు, పునీతులు అని మెట్లున్నాయి, చివరి మెట్టైన పునీతులనే సెయింట్ అంటారు. సాక్షులను ప్రశ్నిస్తారు, రాసిన ప్రతి కాగితమూ చదువుతారు, ఆ వ్యక్తిని ప్రార్థించడం వల్ల జరిగాయనే అద్భుతాలను వైద్యుల చేత పరీక్ష చేయిస్తారు. 1587లో అయిదవ సిక్స్‌టస్ పోపు, ఆ వ్యక్తి పునీతుడు ఎందుకు కాడో వాదించడమే పనిగా ఒక అధికారిని నియమించే ఏర్పాటు చేశారు. 1983లో రెండవ జాన్ పాల్ పోపు ఆ పాత్రను బాగా తగ్గించారు. మదర్ థెరిసా విషయంలో అయిదేళ్ల గడువును సడలించి 1999లోనే విచారణ ప్రారంభించారు, 2003లో ధన్యురాలిగానూ, 2016 సెప్టెంబరు 4న పునీతురాలిగానూ ప్రకటించారు. అంత తొందర చేసిన ఆ విచారణలో కూడా ఆమెను తీవ్రంగా విమర్శించిన రచయిత క్రిస్టఫర్ హిచెన్స్‌ను పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. నాకు ఆ అద్భుతాల సంగతి కంటే ఈ చివరి సంగతే ఎక్కువ నచ్చుతుంది. మీ సన్మాన సంఘంలో అలాంటి ఒక్క కుర్చీ అయినా ఉందా అని అడిగితే వారు నొచ్చుకుంటారేమో.

ఎందుకు ఉండాలంటే, దేవతగా పేరు పడినవారి మీద ఫిర్యాదు చెప్పడం ఎంత కష్టమో మన కాలం చూసింది. ఫ్రాన్స్‌లో నిరాశ్రయుల కోసం 1949లో ఎమ్మాయూస్ సంస్థను స్థాపించిన అబ్బే పియేర్ అనే మతగురువు, మీరు కోరుకున్నట్లుగానే, నటులనూ క్రీడాకారులనూ దాటి దేశంలో అత్యంత అభిమానపాత్రుడిగా ఏళ్ల తరబడి సర్వేలలో మొదటి స్థానంలో నిలిచారు. చివరికి తన పేరు తీసేయమని ఆయనే అడిగారు. ఆయన 2007లో పోయారు. 2024లో ఆయన చేతిలో లైంగిక వేధింపులకు గురైన స్త్రీల సాక్ష్యాలను ఆయన స్థాపించిన సంస్థే విచారణ జరిపించి వెల్లడించింది. మానసిక వైకల్యం ఉన్నవారితో కలిసి జీవించే లార్ష్ సమాజాలను 1964లో ప్రారంభించిన జాఁ వానియే విషయమూ అంతే. బతికి ఉండగానే పునీతుడని పేరు తెచ్చుకున్న ఆయన 2019లో మరణించిన మరుసటి ఏడాదే, ఆయన కొందరు స్త్రీలను లోబరుచుకున్నారని సంస్థ జరిపించిన దర్యాప్తు తేల్చింది. ఆ స్త్రీలు అన్నేళ్లు ఎందుకు నోరు విప్పలేదో ఊహించడం కష్టం కాదు. దేవుడి మీద నేరం మోపితే ఎవరు నమ్ముతారు?

మీ అక్కగారి మీద నాకు అనుమానం ఉందని దయచేసి అనుకోకండి. నేను చెప్పేది మనుషుల గురించి కాదు, ఆ పీఠం గురించి. దాని మీద నుంచి నటుడిని దింపి వైద్యురాలిని కూర్చోబెడితే వైద్యురాలు కూడా ఒక సెలబ్రిటీ అవుతుందే తప్ప సేవకు వచ్చే లాభం తక్కువ. ప్రశ్నించకుండా ఆరాధించే అలవాటు అలాగే ఉంటుంది. ఆ ఆసుపత్రిలో జీతం సరిగా అందని ఒక ఆయా ఉండవచ్చు, చికిత్స గురించి అసంతృప్తి ఉన్న ఒక రోగి ఉండవచ్చు. ద్వారం దగ్గర దేవత విగ్రహం ఉన్న చోట వారు ఎవరికి చెప్పుకుంటారు?

మరొక సంగతి, సంఘంవారు అస్సలు ఆలోచించి ఉండరనిపించేది. కుష్ఠును లొంగదీసింది ఏ ఒక్కరి కరుణా కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమైన్ కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసిన తరువాతే ఆ వ్యాధి కొన్ని నెలల మందులతో నయమయ్యేదిగా మారింది. ఆ మాత్రలు ఇంటింటికీ తీసుకెళ్లి, మచ్చలు గుర్తించి, మధ్యలో మానేసినవారిని మళ్లీ ఒప్పించిన ఆరోగ్య కార్యకర్తల పేర్లు ఏ సంచికలోనూ ఉండవు. మశూచి సంగతి కూడా అంతే. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో కనిపించింది, 1980లో ప్రపంచం నుంచి తొలగిపోయిందని ప్రకటించారు. ఆ విజయానికి విగ్రహం పెట్టాలంటే ఎవరిది పెట్టాలి? బహుశా మీ అక్క వద్దనడంలో ఇదే ఉందేమో.

ఆ వద్దనడాన్ని వినయం కింద జమ కట్టవద్దని మనవి. అమెరికాలో పేదల కోసం 1933లో కాథలిక్ వర్కర్ ఉద్యమాన్ని ప్రారంభించినవారిలో ఒకరైన డొరతీ డే, తనను సెయింట్ అని పిలవవద్దనీ, అంత తేలికగా తనను పక్కన పెట్టేయడం తనకు ఇష్టం లేదనీ అన్నట్లు చెబుతారు. దేవతలు చేసే పని మనుషులు చేయనక్కరలేదు కదా. నువ్వు వేరు, మేము వేరు అని ఒక దండం పెట్టి ఇంటికి వెళ్లిపోవడానికి ఆ మాట ఎంతో అనుకూలం. విచిత్రమేమిటంటే డొరతీ డే 1980లో మరణించిన తరువాత ఆమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియ 2000లో మొదలైంది. పోయిన తరువాత వద్దనే హక్కు కూడా ఉండదు. మీ అక్కకు ఇంకా ఉంది. ఆమె తెలివిలో ఉండి, స్పష్టంగా చెప్పిన మాటను చెల్లెలి చేత తిప్పించడం గౌరవించడం ఎలా అవుతుంది?

అందువల్ల సంఘంతో మీరు వ్యవహరించడానికి నాకు కొన్ని దారులు కనిపిస్తున్నాయి. వారు అడిగినట్లు అక్కను ఒప్పించవచ్చు. అప్పుడు సభ ఘనంగా జరుగుతుంది, దాతల ఉత్సాహం వల్ల ఆసుపత్రికి ఆ ఏడాది విరాళాలు పెరగవచ్చు కూడా. అది కొట్టివేయదగిన లాభం కాదు. కాని ఆమె మీ మాట కాదనలేక ఒప్పుకున్నారనేది మీ ఇద్దరి మధ్య మిగిలిపోతుంది. లేదా, మాకేమీ వద్దని మొత్తం తోసిపుచ్చవచ్చు. ఇది శుభ్రంగానే కనిపిస్తుంది, అయితే సంఘంలో పాత రోగుల కుటుంబాలవారు ఉన్నారు. ఒకప్పుడు సమాజం వెలివేసిన మనుషులు ఇవాళ నలుగురిలో నిలబడి కృతజ్ఞత చెప్పుకోవాలనుకుంటున్నారు. ఆ కోరికలో వారి గౌరవం కూడా ఇమిడి ఉంది. దానిని తోసేయడానికి నాకు చేతులు రావు. ఈ రెండింటికీ మధ్య, విగ్రహానికి అయ్యే మొత్తాన్ని కుష్ఠు సేవలో శిక్షణ పొందే నర్సుల చదువుకో, నయమైనవారి చేతుల, పాదాల శస్త్రచికిత్సలకో కేటాయించమనీ, సంచికలో సిబ్బందినీ రోగులనూ వారి వారి పేర్లతో, వారు ఒప్పుకుంటేనే, మాట్లాడించమనీ, శీర్షిక మార్చమనీ అడగవచ్చు. ఇందులోనూ ఇబ్బంది ఉంది. విగ్రహం చూపించి వసూలు చేసినంత సులువుగా నర్సుల చదువు చూపించి వసూలు చేయలేరు, కొందరు దాతలు తప్పుకుంటారు. అది ముందే అనుకుని దిగండి. ఆ నిధికి అక్క పేరు పెట్టాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా ఆమె నిర్ణయానికి వదిలేయాలి.

ఇప్పుడు అధ్యాయం. అంటే, అమ్మ.

మీరు ఆ నాలుగేళ్ల గురించి ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం రాశారు, అదీ మీ అమ్మాయి మాటగా. మీ మాటగా రాయలేదు. అక్క గురించి ఎంతో రాసినవారు, తల్లికి పక్క మార్చి, స్నానం చేయించి, రాత్రులు మేలుకున్న సంగతి కూతురి నోట చెప్పించారు. ఆ పిల్ల అన్న మాటకు మీకు వచ్చిన కోపంలో కొంత, ఆమె మీ తరఫున అన్నందుకు వచ్చిందేమోనని నాకు అనుమానం. ఇది తప్పయితే క్షమించి పక్కన పెట్టండి.

తప్పు కాకపోతే ఈ సంగతి వినండి. రెడ్‌క్రాస్‌కు మూలపురుషుడైన హెన్రీ డ్యూనాంట్ వ్యాపారం పని మీద వెళ్లి, 1859 జూన్‌లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమిలో దిక్కులేక పడి ఉన్న క్షతగాత్రులను చూశారు. ఆ దృశ్యమే ఆయన జీవితాన్ని మార్చింది. 1863లో ఆ సంస్థకు బీజం పడింది. కాని ఆ ఉద్యమంలో మునిగి వ్యాపారాన్ని పట్టించుకోక 1867లో దివాలా తీశారు, ఆయనను నమ్మి డబ్బు పెట్టిన బంధుమిత్రులు కూడా నష్టపోయారు. ఆ ఏడాది జెనీవా విడిచిన మనిషి మళ్లీ ఆ ఊరిలో అడుగు పెట్టలేదు. మరుసటి ఏడాది ఆయన తల్లి మరణించింది. సొంత కమిటీయే ఆయనను తొలగించింది. పేదరికంలో, మరుగున పడి ఉన్న ఆయనను 1895లో ఒక పత్రికా రచయిత వెతికి పట్టుకుని రాస్తే తప్ప లోకానికి గుర్తు రాలేదు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెడరిక్ పాసీతో కలిపి ఆయనకు ఇచ్చారు. ఈ కథను మనం సాధారణంగా త్యాగానికి దక్కిన ఆలస్యపు ఫలంగా చెప్పుకుంటాం. డబ్బు పోగొట్టుకున్న బంధువుల వైపు నుంచి, కొడుకు దూరమైన తల్లి వైపు నుంచి చెబితే ఇది ఇంకొక కథ. రెండూ నిజమే. ఒకటి నిజమని రెండోది కొట్టివేయనక్కరలేదు.

పెద్ద సేవ చేసినవారి వెనుక చాలాసార్లు, ఆ సేవకు వీలు కల్పించిన మరొకరు ఇంట్లో ఉండిపోతారు. మీ అక్క ఆ ఆసుపత్రిని విడవకుండా ఉండగలిగింది, అమ్మ దగ్గర మీరు ఉన్నారు కాబట్టి. మీకు దేవత బిరుదు కావాలని నేననడం లేదు, అది మీకూ భారమే. అక్క నోట ఈ సంగతి ఒక్కసారైనా రావాలని మీరు ఎదురు చూస్తున్నారేమో ఆలోచించండి. చూస్తుంటే, సెలబ్రిటీల మీద మీకున్న కోపానికి అసలు చిరునామా అక్కడ ఉంది. సంచిక అచ్చుకు వెళ్లక ముందే ఆమెతో మాట్లాడండి. ఆమె అప్పుడు ఎందుకు రాలేకపోయారో మీకు తెలియని కారణం ఉండవచ్చు, లేక రావాలని అనుకోలేదని ఆమె నిజాయితీగా ఒప్పుకోవచ్చు. రెండోది వినడానికి సిద్ధపడి వెళ్లండి.

అధ్యాయం ఎలా రాయాలన్నదానికి ఒక మంచి నమూనా ఉంది. హవాయిలోని మొలకై దీవిలో వెలివేసిన కుష్ఠు రోగుల మధ్య 1873 నుంచి బతికి, తానూ ఆ వ్యాధితోనే 1889లో మరణించిన ఫాదర్ డేమియన్‌ను, ఆయన మొరటువాడు, మొండివాడు, శుభ్రత లేనివాడు అని నిందిస్తూ ఒక పాస్టరు రాసిన ఉత్తరం పత్రికకెక్కింది. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1890లో దానికి బహిరంగ లేఖతో జవాబిచ్చారు. ఆయన ఆ దీవికి వెళ్లి, డేమియన్ గురించి అక్కడివారిని అడిగి వచ్చినవాడు. ఆ లేఖ బలమంతా ఎక్కడ ఉందంటే, డేమియన్‌లో ఆ లోపాలు లేనే లేవని ఆయన బుకాయించలేదు. చాలా వాటిని ఒప్పుకుంటూనే, ఆ మనిషి వెళ్లిన చోటికి నువ్వెందుకు వెళ్లలేదని నిలదీశారు. డేమియన్ 2009లో పునీతుడయ్యారు. లోపాలు దాచి రాసిన స్తోత్రాలెన్నో మరుగున పడ్డాయి, ఈ లేఖను నేటికీ చదువుతున్నారు.

అమ్మ సంగతిని రాయడమా మానడమా అంటే, రెండూ సబబే కాగల సందర్భాలున్నాయి. అక్క అంగీకరిస్తే, నింద ధ్వనించకుండా, ఆ ఎంపికకు ఇంట్లో ఎవరు ఏ ధర చెల్లించారో రెండు పేరాలలో రాయవచ్చు. ఆ పని చేయాలని ఆలోచిస్తున్న ఏ యువ వైద్యురాలికైనా పొగడ్తల కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. అయితే నిండు సభలో పంచిన పుస్తకంలో అది చదివి కొందరు మీకు అసూయ అంటారు. ఆ మాట పడగలరో లేదో చూసుకోండి. అక్క వద్దంటే, ఆ భాగం మానేసి బాల్యానికి పరిమితం కావచ్చు. అది అబద్ధం కాదు, అధ్యాయం చిన్నదవుతుంది, అంతే. మీరు చేయకూడనిది ఒక్కటే ఉంది. అక్క ఇంటికీ రోగులకూ ఒకేలా అన్నీ చేశారని రాయవద్దు. ఆ వాక్యం చదివే మొదటి మనిషి మీ కూతురు.

ఆ అమ్మాయి విషయంలో నేను చెప్పేది కొంచెమే. గోడ మీది బొమ్మలు తీయించడానికి మీకు అధికారం ఉంది, కాని తీయిస్తే ఆమె అభిమానం ఫోనులోకి దూరి మరింత ముదురుతుంది, మీ మీద కినుకతో కలిసి. బొమ్మలు ఉండనిచ్చి, ఆ నటుడిలో ఏం నచ్చిందో అడిగితే మీకు విసుగు పుట్టే జవాబు రావచ్చు, లేదా మీరు ఊహించని శ్రమ, క్రమశిక్షణల ప్రస్తావన రావచ్చు. పెద్దమ్మతో పోల్చి తిట్టడం మాత్రం ఆపండి, ఎందుకంటే ఎవరితో పోల్చి మనల్ని తిడతారో వారి మీద మనకు అభిమానం పుట్టదు. పైగా ఆ పిల్ల అడిగినది, మీ సంఘం మొత్తంలో ఎవరూ అడగని ప్రశ్న. పొగరుగా అడిగింది, నిజమే. ప్రశ్న మాత్రం న్యాయమైనది. నాలుగేళ్లు అమ్మమ్మ దగ్గర మీరు పడిన శ్రమను ఆ ఇంట్లో చూసి గుర్తు పెట్టుకున్నది ఆమే.

కనుక “నువ్వు అడిగినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, పెద్దమ్మనే అడుగుదాం” అని చెప్పి, అక్కతో మీరు ముందుగా మాట్లాడుకున్న తరువాత, అమ్మాయిని ఆ ఆసుపత్రికి ఒకసారి తీసుకువెళ్లవచ్చు. దర్శనానికి వెళ్లినట్లు కాక, వార్డులో అక్క పని చేస్తుండగా పక్కనే కొన్ని రోజులు ఉండేలా చూడండి. అమ్మాయి ఇష్టపడకపోతే బలవంతం వద్దు, ఉత్తరం రాసి అడగమనండి. పెద్దమ్మ ఇచ్చే జవాబు ఆ పిల్లకు నచ్చకపోవచ్చు, మీకూ నచ్చకపోవచ్చు. సంఘానికి మీ అధ్యాయం ఎప్పటిలోగా ఇవ్వాలో మీరు రాయలేదు. ఈ సంభాషణలు రెండూ అయ్యేవరకు గడువు అడగండి. వారు ఇవ్వకపోతే, మీ అధ్యాయం లేకుండానే ఆ సంచిక వెలువడుతుంది. దానివల్ల మీ అక్కకు ఏ లోటూ రాదు.